పదకొండో బెజ్జం

"అవ్వా, ఆ పదకొండో బెజ్జంలో వైరే లేదు. వైరు లేని బెజ్జానికి లైటు యాడ్నుంచి వస్తాది?"

"వైరు లేదని నాకు తెలుసు. పీకింది నువ్వే, పక్కన నిలబడి సూసింది నేనే. లైటు ఎలుగుతాందని సెప్తాండా."

"లోపల చిప్పే ఆ దారి మూసేసింది. దాని మీద నేను గూడా మూసినా. రెండు బీగాలు పడినాయి. ఇంగ అది ఎలిగేదానికి లేదు."

"నీ బీగాలు నువ్వు ఎన్నన్నా ఏస్కో. ఈడ ఎలుగుతాంది."

"అయితే ఫోటో తీసి పంపు."

"నా ఫోనులో ఫోటోలు యాడివే? మాట్లాడేదానికి తప్ప దేనికీ పనికిరాదు అది. ఆ మాట్లాడేది గూడా నీతోనే. నువ్వేమో నమ్మవు."

నా మనవరాలు శైలజ గొంతు తగ్గించింది. ఆ గొంతు నాకు నచ్చలేదు. పసిపిల్లలకు, మతి తప్పిన ముసలివాళ్ళకు చెప్పే గొంతు అది.

"అవ్వా, ఒక్కదానివే ఉండి ఉండి నీకు ఇట్లయితాంది. రేపు పొద్దున వస్తా. పెట్టె ఇప్పుకొని పోతా. నువ్వు గూడా గుడ్డలు సర్దుకో. ఆదోనిలో మాతోనే ఉందువు."

"పెట్టె తీస్కపో. నేను రాను," అని ఫోను ఆపేశాను.

ఇది జరిగింది ఒక గురువారం, మధ్యాహ్నం రెండు దాటాక, ఎమ్మిగనూరులో మా ఇంట్లో. పట్టపగలు. ముంగిట్లో ఎండ కొడుతోంది. నేను అన్నం తిని, గిన్నె కడిగి బోర్లించి వచ్చాను. జ్వరం లేదు. నిద్రమత్తు లేదు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, చదివేవాళ్ళు ముందు వీటినే అడుగుతారు. నేనైనా వీటినే అడిగేదాన్ని.

దయ్యాలను నేను ఎన్నడూ లెక్క చేసినదాన్ని కాదు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందని చెబితే, పొద్దున ఏమి తిన్నారని అడిగేదాన్ని. సగం గాలులు రాగి ముద్దతో పోతాయి. మా ఆయన పోయిన పదకొండో నాడు ఎవరో వచ్చి, ఆయన మగ్గం కాడ నిలబడి కనిపించాడని చెప్పారు. కనిపిస్తే నాకు కనిపించాలి గాని నీకెందుకు కనిపిస్తాడని పంపించేశాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. ఆయన నాకు ఎప్పుడూ కనిపించలేదు.

నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కొని చదువుతాను, నిదానంగా రాస్తాను. ఇదంతా పాత క్యాలెండరు కాగితాల వెనక నేనే రాశాను. తప్పులు శైలజ దిద్దింది. మాటలు మార్చవద్దని చెప్పాను. మార్చలేదు.

ముందు ఆ పెట్టె సంగతి చెప్పాలి.

మాది నేతవాళ్ళ వీధి. ఇప్పుడు మగ్గాలు తక్కువ. శైలజ ఆదోనిలో పాలిటెక్నిక్ చదివిన పిల్లలతో కలిసి ఇండ్లకు ఇంటర్నెట్టు ఇచ్చే చిన్న ఆఫీసులో పని చేస్తుంది. నిచ్చెన ఎక్కుతుంది, వైర్లు లాగుతుంది, మగపిల్లల కంటే ముందు స్తంభం ఎక్కుతుంది. ఎమ్మిగనూరులో మా వీధికి కనెక్షన్లు ఇచ్చేటప్పుడు పెట్టె ఎక్కడ పెట్టాలని చూసి, చివరికి మా మగ్గం గదిలో పెట్టింది. ఆ గది ఖాళీగానే ఉంది. మా ఆయన పోయాక మగ్గం తీయించేశాను. మగ్గం కింద కాళ్ళు పెట్టుకొనే గుంట ఉంటుంది, దాన్ని మట్టితో పూడ్పించాను. ఆ పూడ్చిన చోటికి ఎదురుగా గోడకు పెట్టెను బిగించారు.

పెట్టెకు ఇరవై నాలుగు బెజ్జాలు. శైలజ పోర్టులంటుంది, నేను బెజ్జాలంటాను. ఒక్కో బెజ్జం నుంచి ఒక్కో ఇంటికి వైరు. ఒక్కో దాని మీద ఆవగింజంత లైటు. పచ్చగా మిణుకుమంటుంటే ఆ ఇంటి వైరు బాగుందని. పసుపుపచ్చగా నిలిస్తే తప్పు పట్టుకొని పెట్టెనే ఆ దారి మూసిందని. చీకటైతే అక్కడ ఏమీ లేదని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి, పసుపు కనిపిస్తే ఫోను చేయమని నాకు పని అప్పగించింది.

మొదటి వారం ఒక తప్పు చేశాను. ఎవరూ లేని గదిలో కరెంటు కాల్చే అలవాటు మా ఇంట్లో లేదు. మధ్యాహ్నం పూట ఆ పెట్టె ఎందుకు ఊరికే వెలగాలని స్విచ్చి తీసేశాను. గంటలో సగం వీధి మా గడప ముందు ఉంది. శైలజ ఆదోని నుంచి ఫోనులో తిట్టింది. అప్పుడు కూర్చోబెట్టి అంతా వివరంగా చెప్పింది.

ఆ పెట్టె లోపల పెద్ద చిప్పు ఒకటి ఉంటుందట. దానికీ ప్రతి బెజ్జానికీ మధ్య సన్నటి దారి. ఆ దారిలో వచ్చే ప్రతి మాటనూ చిప్పు సరిచూస్తుందట. చెడిపోయి వచ్చినదాన్ని పక్కకు పారేసి, ఒకటి, రెండు, మూడని లెక్క పెట్టుకుంటుందట. లెక్క మించితే ఆ ఒక్క దారిని మూసేస్తుంది. కాసేపు ఆగి తెరిచి చూస్తుంది. ఇంకా తప్పే వస్తుంటే మళ్ళీ మూస్తుంది. మూడుసార్లు చూసి, ఇక మనిషి వచ్చి చెప్పేదాకా తెరవదు. మిగతా ఇరవై మూడు దార్లు నడుస్తూనే ఉంటాయి.

ఇది నాకు చప్పున అర్థమయింది. మగ్గం కూడా అంతే. రెండు వేల పోగుల్లో ఒక్క పోగు చెడ్డదైతే దాన్ని అప్పుడే పట్టుకోవాలి. పట్టుకోకపోతే చీర పొడుగునా గీత పడుతుంది. ఆ మాట చెబితే శైలజ నవ్వి, నువ్వు చదువుకొని ఉంటే మా ఆఫీసులో నా కుర్చీ నీదే అంది. నేను నవ్వలేదు గాని, ఆ మాట గుర్తు పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి పెట్టెకు స్విచ్చి తీయలేదు. పొద్దున ఒకసారి చూడమంటే, నేను అయిదారుసార్లు చూసేదాన్ని. నిజం చెప్పాలంటే మా ఇంట్లో అది తప్ప కదిలేది ఇంకొకటి లేదు. ముక్కాలిపీట వేసుకొని దాని ఎదుట కూర్చునేదాన్ని. మూడో బెజ్జం వాళ్ళు ఎప్పుడు లేస్తారో, తొమ్మిదో బెజ్జం పిల్లలు బడినుంచి ఎప్పుడు వస్తారో నాకు తెలుసు. వీధిలో ఎవరూ నాతో ఎక్కువ మాట్లాడరు. నా నోరు అట్లాంటిది. లైట్లతో నోరు అవసరం లేదు.

పదకొండో బెజ్జం హుసేన్‌బీ ఇంటిది.

హుసేన్‌బీ ఇల్లు వీధి చివర, మా ఇంటికి ఎనిమిది ఇండ్ల అవతల. భర్త పోయి చాలా కాలమయింది. ఒక్కతే కూతురు షకీలా. సి.బెళగల్‌కు ఇచ్చింది. కూతురు పొలం నుంచి వచ్చాక సాయంత్రం పూట తల్లిని ఫోనులో చూస్తూ మాట్లాడుతుంది. దాని కోసమే ఆ ఇంటికి కనెక్షను. పొద్దుగూకే వేళ పదకొండో లైటు గబగబా మిణుకుమంటే, తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటున్నారని నాకు తెలిసేది. అది ఆగేదాకా కూర్చొని, లేచి దీపం పెట్టుకునేదాన్ని.

ఎనిమిది ఇండ్లు నడిస్తే ఆమెనే చూడవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మేము మాట్లాడుకోక మూడేండ్లయింది.

ముప్పై ఏండ్లు ఆమె మా మగ్గానికి కండెలు చుట్టింది. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే నూలు పుల్ల. పొద్దున తన పని చేసుకొని వచ్చి, మా మగ్గం గదిలో గోడ వారగా రాట్నం పెట్టుకొని కూర్చునేది. ఆ రాట్నం ఆమెది. పెండ్లయి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఇచ్చింది. రోజూ మోసుకు పోలేక మా గదిలోనే ఉంచేది.

నూలు వేళ్ళ మధ్య నడుస్తుంటే పోగులో జీవం ఉందో లేదో ఆమెకు తెలిసేది. చిలపలో, అంటే నూలు కట్టలో, చెడ్డ నూలు కలిసిందని వేళ్ళకు తగిలితే, అప్పటికే ఇచ్చిన కండె కూడా అదే నూలుదని అర్థం. వెంటనే మగ్గం ఆపాలి. మగ్గం చప్పుడులో పిలిస్తే వినిపించదు. అందుకని రాట్నం దిమ్మె మీద కండెపుల్లతో కొట్టేది. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. టక్ టక్, టక్. మళ్ళీ అదే. అది వినగానే మా ఆయన మగ్గం తొక్కే కాలు తీసి, నాడెలోని కండె తీసి పారేసేవాడు. నేను వంటింట్లో ఉన్నా ఆ దెబ్బ వింటే వేరే చిలప తెచ్చి ఇచ్చేదాన్ని. ఆ గుర్తు ఎవరూ నేర్పలేదు. మా ముగ్గురి మధ్య పని మీద పుట్టింది. వేరే మగ్గాల మీద అట్లా కొట్టడం నేను వినలేదు.

ఆయన పోయాక నెల తిరక్కముందే మగ్గాన్ని కట్టెల మండీ వాళ్ళకు ఇచ్చేశాను. వాడని వస్తువు ఇంట్లో ఉంటే చెదలు పడుతుంది. బండి వచ్చింది, మోసుకు పోయారు. మూల ఉన్న రాట్నం కూడా బండి ఎక్కింది. నేను చూశాను. పాతదే, పురుగు పట్టింది, ఇక ఎవరు చుడతారులే అనుకొని ఊరుకున్నాను.

మర్నాడు హుసేన్‌బీ వచ్చింది. ఖాళీ గదిని చూసింది.

"నా రాట్నం యాడ లచ్చుమక్కా?"

పాతది కదా, మగ్గంతో పాటు పోయిందని చెప్పాను. తప్పయిందని అనలేదు. నాకు ఆ మాట నోటికి రాదు.

"మగ్గం నీది. రాట్నం నాది," అని వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు. నేనూ వెళ్ళలేదు. బోరింగు కాడ ఎదురైతే ఇద్దరం బిందెల వైపు చూసుకునేవాళ్ళం.

ఇక ఆ గురువారానికి ఎనిమిది రోజుల ముందు పదకొండో లైటు పసుపయింది. ఫోను చేశాను. శైలజ వచ్చి వైరు మార్చింది. కాసేపు పచ్చగా వెలిగి, మళ్ళీ పసుపు. హుసేన్‌బీ ఇంట్లో ఉండే చిన్న డబ్బా మార్చింది. మళ్ళీ పసుపు. చివరికి ల్యాప్‌టాప్ తగిలించి చూసి, తప్పు వైరుది కాదు, లోపల చిప్పుకూ బెజ్జానికీ మధ్య ఉన్న దారిదే అంది. బాగు చేసే పని కాదట. హుసేన్‌బీ వైరును పదకొండు నుంచి తీసి పదిహేడులో పెట్టింది. పదకొండును మూసేసింది. లైటు ఆరింది. పదకొండు మీద ఉన్న కాగితం చీటీ కూడా పీకి పదిహేడు మీద అంటించింది.

ఆ రోజు నుంచి నేను పదిహేడును చూశాను. అది ఒక్కసారి కూడా పసుపు కాలేదు. పదకొండు చీకటిగానే ఉంది. రోజుకు రెండుసార్లు క్యాలెండరు కాగితం వెనక గీతలు పెట్టేదాన్ని. ఆ కాగితాలు ఇప్పుడూ నా దగ్గర ఉన్నాయి.

గురువారం పొద్దున అన్నీ పచ్చగానే ఉన్నాయి. పదిహేడు కూడా. గది ఊడ్చి, గుంట పూడ్చిన చోట చెమ్మ ఎక్కిందేమోనని చూసి లేచేటప్పటికి దాదాపు పదకొండు గంటలయింది. అప్పుడు పదకొండో బెజ్జం మీద పసుపు కనిపించింది. ఒక క్షణం. ఎండ పడి మెరిసిందని అనుకున్నాను. కాగితం మీద గీత పెట్టబోయి, సగం పెట్టి, కొట్టేశాను.

మధ్యాహ్నం తిని వచ్చి చూస్తే అది వెలుగుతోంది. ఆరుతోంది. మళ్ళీ వెలుగుతోంది.

కిటికీ తలుపు మూశాను, ఎండ రాకుండా. వెలుగుతూనే ఉంది. పక్క లైట్ల వెలుగు దాని మీద పడుతుందేమోనని పదిని, పన్నెండును రెండు వేళ్ళతో కప్పాను. వెలుగుతూనే ఉంది. బెజ్జంలో చిటికెన వేలు పెట్టి చూశాను. వైరు లేదు. లోపల సన్నటి ఇత్తడి పళ్ళు తగిలాయి, అంతే. అప్పుడు ఫోను చేశాను. అప్పుడే మొదట రాసిన ఆ గొడవ.

ఫోను ఆపేశాక పీట మీద కూర్చున్నాను. కోపం మనవరాలి మీద కాదు. గుడ్డలు సర్దుకో అన్న మాట తిరుగుతోంది. రేపు పెట్టె పోతుంది. తర్వాత నన్ను కూడా ఎవరో ఒకరు వచ్చి విప్పుకొని పోతారు. ఆదోనిలో ఆ మేడ మీద నాకు తెలిసిన లైటు ఒక్కటి కూడా ఉండదు. మతి తప్పిందని ఇంటిల్లిపాదీ మెల్లగా మాట్లాడతారు. ఇదంతా ఆలోచిస్తూ ఆ పసుపు చుక్కనే చూస్తున్నాను.

ఎంతసేపో తెలియదు. నా కుడిచేతి వేలు మోకాలి మీద కొట్టుకుంటోంది. నేను కొట్టాలని కొట్టడం లేదు. అది ఊరికే కొడుతోంది. రెండు. ఆగి ఒకటి. రెండు. ఆగి ఒకటి.

లైటు కూడా అదే.

లేచి నిలబడ్డాను. ముందు పదిహేడును చూశాను. పచ్చగా, నిదానంగా, ఏ తప్పూ లేకుండా మిణుకుమంటోంది. హుసేన్‌బీ వైరు బాగుంది. ఆమె ఇంట్లో చిన్న డబ్బా వెలుగుతోంది. పెట్టె లెక్క ప్రకారం ఆ ఇంట్లో ఏ లోపమూ లేదు.

చెప్పులు వేసుకోలేదు. ఎనిమిది ఇండ్లూ నడిచాను. నాలుగో ఇంటి కాడ కాలు ఆగింది. మూడేండ్ల తర్వాత గడప ఎక్కి, నీ లైటు నన్ను పిలిచిందని చెబితే ఆమె ఏమంటుందో నాకు తెలుసు. తలుపు మూస్తే అదీ న్యాయమే. అయినా నడిచాను.

తలుపుకు లోపలి నుంచి గడియ. పిలిచాను. పలకలేదు. ఆ వేళకు ఆమె ఎక్కడికీ పోదు. మళ్ళీ పిలిచాను. పలకలేదు. అప్పుడు తలుపు మీద వేలి గణుపులతో కొట్టాను. రెండు, ఆగి ఒకటి.

లోపలి నుంచి రేకు మీద చప్పుడు వచ్చింది. చాలా సన్నగా. రెండు, ఆగి ఒకటి.

ఎదురింట్లో ఆటో నడిపే ఈరన్న అన్నం తింటున్నాడు. ఎంగిలి చేత్తోనే వచ్చి, పెరటి గోడ దూకి తలుపు తీశాడు. హుసేన్‌బీ స్నానం చేసే బచ్చలిలో పడి ఉంది. స్నానానికి పోయి జారింది. తుంటి కాడ కాలు పక్కకు తిరిగి ఉంది. కుడిచెయ్యి ఒంటి కింద ఉంది. తల రేకు తలుపుకు ఆనుకొని ఉంది. తడి బట్ట ఒంటి మీదే ఆరిపోయింది. పొద్దున నుంచి అట్లానే ఉంది.

నన్ను చూసి ఏదో అనబోయింది. గొంతు పలకలేదు. నా కొంగు తీసి కప్పాను.

ఈరన్న ఆటోలో ఎమ్మిగనూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. తుంటి బొక్క విరిగింది, ఆదోనికి పోవాల్సిందే అన్నారు. ఒంట్లో నీళ్ళు ఇంకిపోయాయి, సాయంత్రం దాకా అట్లాగే ఉండి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళం అని కూడా అన్నారు. షకీలా సి.బెళగల్ నుంచి పత్తి చేలోని బట్టలతోనే వచ్చింది. ఆసుపత్రి బండిలో ఒక్కరికే చోటు. కూతురు పోయింది. నేను ఇంటికి వచ్చాను.

వచ్చి మగ్గం గదిలోకి పోయి చూశాను. పదకొండు చీకటిగా ఉంది. వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది.

మర్నాడు పొద్దున ఏడు గంటలకు శైలజ వచ్చింది. సంగతి ముందే ఫోనులో చెప్పాను. ల్యాప్‌టాప్ తీసి పెట్టెకు తగిలించింది. ఆ పెట్టె తప్పు కనిపించినప్పుడల్లా గంటా నిమిషాలతో సహా రాసి పెట్టుకుంటుందట. గురువారం మొత్తం పైనుంచి కిందికి చదివింది. రెండోసారి చదివింది. పదిహేడులో ఒక్క తప్పు కూడా లేదు. పదకొండు గురించి ఒక్క అక్షరం కూడా లేదు.

"ఈ దారి తొమ్మిది దినాలుగా సచ్చిపోయి ఉంది అవ్వా," అంది.

నేను క్యాలెండరు కాగితం చూపించాను. పొద్దున పదకొండు గంటలప్పుడు పెట్టి కొట్టేసిన సగం గీత. దాన్ని చాలాసేపు చూసింది. నేను అబద్ధం రాయనని ఆమెకు తెలుసు. నా కండ్లు బాగున్నాయని కూడా తెలుసు. పోయిన ఏడాదే శుక్లాలు తీయించింది ఆమెనే. పెట్టె విప్పలేదు. గుడ్డలు సర్దుకోమన్న మాట ఎత్తలేదు. పదకొండో బెజ్జానికి ఒక ప్లాస్టిక్ బిరడా పెట్టి, సంచి సర్దుకొని, ఆదోని ఆసుపత్రికి పోదాం పా అంది.

బస్సులో నాకు ఒక ధైర్యం ఉండింది. హుసేన్‌బీ పడినప్పటి నుంచి ఆ రేకు తలుపును కొడుతూనే ఉంది, ఆ దెబ్బ ఎట్లాగో వైరు పట్టుకొని వచ్చి, ఆ చెడిపోయిన దారిలో పడింది అనుకున్నాను. శైలజ అట్లా జరగదని చెప్పింది. జరగకపోయినా, కొట్టినవాళ్ళు ఒకరున్నారు కదా అనుకున్నాను. కొట్టినవాళ్ళుంటే నాకు చాలు.

ఆసుపత్రిలో ఆమె మంచం కిటికీ పక్కన ఉంది. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. షకీలా మందుల కోసం కిందికి పోయింది. శైలజ గడప కాడే నిలబడింది. నేను గంజి క్యారియరు కింద పెట్టి, పొద్దున నుంచి కొడుతూనే ఉన్నావా అని అడిగాను.

"యాడ కొట్టినా లచ్చుమక్కా? చెయ్యి కింద పడిపాయ. తొలుత అరిసినా. గొంతు పాయ. తర్వాత నాకేం తెల్దు. నువ్వు తలుపు కొట్టినాకనే తెలివొచ్చింది. అన్న మగ్గం నేస్తాండాడు, నేను రాట్నం కాడ ఉండా అనుకున్నా. ఎడమ చేత్తో తిరిగి కొట్టినా. ఆ ఒక్క తూరే."

ఒక్కసారే. నేను తలుపు కొట్టాకనే.

అయితే పొద్దున పదకొండు గంటలప్పుడు ఆ మెరుపు, మళ్ళీ మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఆ గుర్తు ఎవరివి? అది తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురే. అందులో ఇద్దరం ఆ పొద్దున ఆ మంచం కాడ ఉన్నాం.

మూడోవాడి పేరు నేను చెప్పను. నాకు కనిపించలేదు, వినిపించలేదు. చూసింది ఒక పసుపు లైటు, అంతే. చెడిపోయిన చిప్పు ఏదో తిక్కగా వెలిగి ఉండవచ్చని శైలజ అంటుంది. తిక్కగా వెలిగేది లెక్క ప్రకారం ఎందుకు వెలిగిందని అడిగితే, మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిచి ఆ గురువారం లెక్క చదువుతుంది. ఇది రాసే నాటికి నెలలు గడిచాయి. బిరడా అట్లానే ఉంది. దాని మీద దుమ్ము తుడుస్తాను. మళ్ళీ ఎన్నడూ వెలగలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ గురువారానికి మాత్రం నేను లెక్క చెప్పలేను.

ఆ పొద్దున ఆ తర్వాత జరిగింది ఇంతే. హుసేన్‌బీ కండ్లు మూసుకుంది. నేను మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. ఏమైనా మాట్లాడాలి. గంజి తాగుతావా అని అడగబోయాను. నోటికి వేరే మాట వచ్చింది.

"రాట్నం నీది. నిన్ను అడక్కుండా పంపించినా. తప్పు నాది."

ఆమె కండ్లు తెరవకుండానే అంది.

"ఆ మాటకు మూడేండ్లు పట్టెనా నీకు?"

"పట్టె."

"సరే. నీళ్ళియ్యి."

గ్లాసులో నీళ్ళు పోసి, తల కింద చెయ్యి పెట్టి ఎత్తి, తాగించాను.